కొత్త గ్రాఫిక్స్ కార్డుకు ముందు ఆ మూడు అంకెలు చూడండి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. బీకాం ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. రాత్రి తొమ్మిది తర్వాత వాలరంట్, జీటీఏ 5 ఆడుతూ యూట్యూబ్‌లో లైవ్ ఇస్తుంటాను. ఆట నాకు బాగానే నడుస్తుంది. చూసేవాళ్ళకు మాత్రం బొమ్మ ఆగి ఆగి వస్తోందట. కాల్పులు మొదలైతే మరీ ఎక్కువ. గంట దాటాక ఆటలో కూడా తడబాటు వస్తోంది. కొన్ని రాత్రులు లైవ్ పూర్తిగా తెగిపోయి మళ్ళీ కలుస్తుంది. పోను పోను నా గొంతు బొమ్మ కంటే వెనకబడుతోందని కూడా అంటున్నారు. నా కంప్యూటర్‌లో ఐ5 9400ఎఫ్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, జీటీఎక్స్ 1650 కార్డు ఉన్నాయి. ఇంట్లో 50 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది, వైఫైతో వాడుతున్నాను. లైవ్ పంపే ఓబీఎస్ ప్రోగ్రామ్‌లో 1080పీ, 60 ఫ్రేములు, 9000 కేబీపీఎస్ బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా), ఎక్స్264 మీడియం పెట్టాను. షాపులో అడిగితే కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయమన్నారు. మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసే మా నాన్న చీటీ పాడి 45 వేలు ఇస్తానంటున్నారు. ఒక రమ్మీ యాప్ వాళ్ళు లైవ్‌లో తమ పేరు చెబితే డబ్బు ఇస్తామంటున్నారు. ఏం చేయమంటారు?
(పేరు ప్రచురించవద్దు)

సమాధానం: ముందుగా, ఈ నెల చీటీ పాడవద్దని నాన్నగారికి చెప్పండి. తొందరపడి పాడితే చేతికొచ్చేది ఎంత తగ్గుతుందో ఆయనకు మీకంటే బాగా తెలుసు. మీరు రాసిన ఇబ్బందులు ఒక్కొక్కటీ ఒక్కో చోట పుడుతున్నాయి. కొత్త కార్డు వేసినా వాటిలో చాలావరకు అలాగే ఉండిపోతాయి. అప్పుడు 45 వేలూ పోయి, చూసేవాళ్ళ ఫిర్యాదులూ మిగిలితే ఆ బాధ మీ ఒక్కరిది కాదు.

ఇబ్బంది ఎక్కడుందో కనుక్కోవడానికి పైసా ఖర్చు లేదు. ఓబీఎస్‌లో వ్యూ మెనూ తెరిచి స్టాట్స్ నొక్కండి. అక్కడ కనిపించే వాటిలో మూడు వరుసలు మీకు ముఖ్యం. ఒకటి రెండరింగ్ ల్యాగ్ వల్ల పోయిన ఫ్రేములు. ఇది పెరుగుతుంటే గ్రాఫిక్స్ కార్డుకు ఊపిరాడడం లేదని అర్థం. రెండోది ఎన్‌కోడింగ్ ల్యాగ్ వల్ల వదిలేసిన ఫ్రేములు. ఇది పెరిగితే బొమ్మను కుదించే పని వేళకు పూర్తి కావడం లేదు. మూడోది నెట్‌వర్క్ దగ్గర పడిపోయిన ఫ్రేములు. బొమ్మ సిద్ధమైంది కానీ ఇల్లు దాటి వెళ్ళలేదు. లైవ్ మొదలుపెట్టగానే ఆ కిటికీలోనే ఉన్న రీసెట్ నొక్కండి. అరగంట ఆడాక మూడు అంకెలూ కాగితం మీద రాసుకోండి. ఇందుకు అందరి ముందు లైవ్ ఇవ్వనక్కర్లేదు, యూట్యూబ్‌లో ప్రైవేట్ అని పెట్టి పరీక్షించుకోవచ్చు.

ఆ పరీక్ష చేయకముందే మీ రెండో అంకె ఎక్కువగా ఉంటుందని చెప్పగలను. కారణం మీరు పెట్టిన ఎక్స్264 మీడియం, అంటే బొమ్మను ప్రాసెసర్‌తోనే కుదించే పద్ధతి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేమును కుదించడానికి ప్రాసెసర్‌కు దక్కే సమయం 16.7 మిల్లీసెకన్లు. 1080పీ ఫ్రేములో 20 లక్షల 73 వేల పిక్సెళ్ళు ఉంటాయి. మీ 9400ఎఫ్‌కు ఆరు కోర్లు, ఆరే థ్రెడ్లు. వాటిలో చాలా భాగాన్ని వాలరంట్ వాడుకుంటుంది, ఎందుకంటే ఆ ఆట గ్రాఫిక్స్ కార్డు కంటే ప్రాసెసర్ మీదే ఎక్కువ ఆధారపడుతుంది. మిగిలిన బలంతో మీడియం స్థాయి కుదింపు జరగదు. కాల్పులు మొదలైనప్పుడు తెర మీద ప్రతి మూలా ఒక్కసారిగా మారుతుంది, ఆట లెక్కలూ పెరుగుతాయి, కుదింపు లెక్కలూ పెరుగుతాయి. గడువులోగా పూర్తికాని ఫ్రేములను ఓబీఎస్ వదిలేస్తుంది. ఆట మీ తెర మీద సాఫీగా కనిపిస్తూ, చూసేవాళ్ళకు మాత్రం ఆగి ఆగి రావడానికి కారణం ఇదే.

మీ జీటీఎక్స్ 1650లో ఈ పని కోసమే విడిగా ఒక భాగం ఉంది. దాని పేరు ఎన్‌వెంక్. ఆటను గీసే భాగం వేరు, వీడియోను కుదించే ఈ భాగం వేరు. కాబట్టి కుదింపు అక్కడికి మారిస్తే ప్రాసెసర్ మీద భారం దాదాపు మొత్తం దిగిపోతుంది. తర్వాత వచ్చిన కార్డుల్లోని ఎన్‌వెంక్ ఇంకా మెరుగైనదే. అయినా ప్రాసెసర్ చేతులెత్తేసిన మీడియం కంటే మీ కార్డులో ఉన్నదే ఎంతో నయం. ఇంటెల్ ప్రాసెసర్లలో క్విక్ సింక్ అని ఇలాంటి ఏర్పాటే ఉంటుంది. కానీ మీ ప్రాసెసర్ పేరు చివర ఉన్న ఎఫ్ అక్షరానికి అర్థం అందులో సొంత గ్రాఫిక్స్ లేవని. అందువల్ల ఆ దారి మీకు లేదు. ఇకముందు ప్రాసెసర్ కొనేటప్పుడు కొద్దిపాటి తేడాకు ఎఫ్ రకం తీసుకోకండి, లైవ్ ఇచ్చేవాళ్ళకు ఆ భాగం పనికొస్తుంది.

సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌కు వెళ్ళి ఎన్‌కోడర్ దగ్గర ఎన్‌వెంక్ హెచ్.264 ఎంచుకోండి. రేట్ కంట్రోల్ సీబీఆర్, కీఫ్రేమ్ 2 సెకన్లు, ప్రీసెట్ పీ5 పెట్టండి. లుక్ అహెడ్ తీసేయండి, అది కార్డులో ఆటకు కావలసిన బలాన్ని కూడా కొంత లాక్కుంటుంది. తర్వాత వీడియో ట్యాబ్‌లో అవుట్‌పుట్ రిజల్యూషన్‌ను 1280, 720కి దించండి. చిన్నబుచ్చుకోకండి. 720పీలో ఫ్రేముకు 9 లక్షల 21 వేల పిక్సెళ్ళే, అంటే సగానికంటే తక్కువ. మీ లైవ్ ఎక్కువమంది చూసేది ఫోనులో. చేతిలో పట్టుకునే తెర మీద సాఫీగా నడిచే 720పీ, తడబడే 1080పీ కంటే ఎన్నో రెట్లు బాగుంటుంది. అంకెలన్నీ సున్నా దగ్గర నిలిచాక 1080పీ వైపు వెళ్ళవచ్చు.

కుదింపును కార్డుకు అప్పగించాక మొదటి అంకె, అంటే రెండరింగ్ ల్యాగ్, పైకి రావచ్చు. ముఖ్యంగా జీటీఏలో. కుదించడానికి ముందు ఆట బొమ్మను, మీ కెమెరా బొమ్మను, చాట్ పెట్టెను కలిపి ఒకే ఫ్రేముగా పేర్చాలి. ఆ పని ఓబీఎస్ ఆటతో పాటే కార్డు మీద చేస్తుంది. సాగర్ కుడి కాలువ మీద పైవాళ్ళు తూములన్నీ బార్లా తెరిస్తే చివరి పొలాలకు తడి అందదు కదా, ఇక్కడ ఓబీఎస్‌ది ఆ చివరి పొలం పరిస్థితి. ఆటను వదిలేస్తే కార్డును నూటికి నూరు శాతం తాగేస్తుంది. అందుకని ఆటకు ఫ్రేముల పరిమితి పెట్టండి. జీటీఏకు 60 చాలు. వాలరంట్‌లో చేతి వేగం ముఖ్యం కాబట్టి 120 ఉంచండి. టాస్క్ మేనేజర్‌లో కార్డు వాడకం 85 శాతం దాటకుండా చూసుకోవడం మంచి కొలత. జీటీఏ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఎంఎస్ఏఏ (బొమ్మ అంచులను నునుపు చేసేది) పూర్తిగా ఆపేయండి, గ్రాస్ క్వాలిటీ తగ్గించండి. ఆ రెండూ కార్డును పిండేస్తాయి, తీసేసినా చూసేవాళ్ళకు పెద్దగా తేడా తెలియదు. ఓబీఎస్‌ను ఎప్పుడూ అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. అలా తెరిస్తే కార్డు సమయంలో దాని వాటాకు విండోస్ ప్రాధాన్యం ఇస్తుంది. ఓబీఎస్ తయారు చేసేవాళ్ళు కూడా ఇదే సలహా ఇస్తారు. డిస్‌ప్లే క్యాప్చర్ వాడుతుంటే మానేసి గేమ్ క్యాప్చర్ పెట్టండి.

ఇక లైవ్ తెగిపోవడం. 50 ఎంబీపీఎస్ ఉందన్నారు. మీకు కావలసింది ఇంటి నుంచి బయటికి వెళ్ళే వేగం. అదీ రాత్రి తొమ్మిదికి ఎంత ఉందన్నది. కంప్యూటర్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, మీరు లైవ్ ఇచ్చే వేళలోనే అప్‌లోడ్ వేగం కొలవండి. నాలుగైదు రాత్రుల్లో వచ్చిన అతి తక్కువ అంకెను తీసుకుని, దానిలో సగానికి మించకుండా బిట్‌రేట్ పెట్టండి. 720పీ 60 ఫ్రేములకు 4500 నుంచి 6000 కేబీపీఎస్, అంటే 4.5 నుంచి 6 ఎంబీపీఎస్, చాలు. 6000తో గంటకు సుమారు 2.7 జీబీ డేటా వెళ్తుంది, ఫైబర్ ప్లాన్లకు అది బరువు కాదు.

వైఫై మీద మాత్రం లైవ్ ఇవ్వకండి. ఈ మాట నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. బ్రాడీపేట లాంటి చోట పక్కపక్కనే అపార్టుమెంట్లు, ప్రతి ఫ్లాటులో ఒక రౌటర్. వాటిలో చాలా 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. అందులో ఒకదానికొకటి అడ్డుపడని చానళ్ళు మూడే. రాత్రి తొమ్మిదికి అందరూ ఇంటికి చేరి ఫోన్లు, టీవీలు పెడతారు. వీడియో చూసేవాళ్ళకు కొన్ని సెకన్ల నిల్వ ఉంటుంది, వేగం ఊగినా తెలియదు. లైవ్ పంపేవాళ్ళకు ఆ వెసులుబాటు చాలా తక్కువ. స్పీడ్ టెస్టులో అంకె బాగున్నా మధ్య మధ్య ఒకటి రెండు సెకన్లు ఆగితే ఫ్రేములు రాలిపోతాయి. రౌటర్ హాల్లో, కంప్యూటర్ లోపలి గదిలో ఉంటే గుమ్మం పైనుంచి క్యాట్ 6 కేబుల్ లాగించండి. మామూలు ఇంటికి పదిహేను మీటర్లు సరిపోతుంది. కొనేటప్పుడు పూర్తి రాగి తీగ అడగండి. అల్యూమినియం తీగ మీద రాగి పూత వేసినది తక్కువకు అమ్ముతారు, అది వంపుల దగ్గర తొందరగా విరుగుతుంది.

గంట దాటాక వచ్చే తడబాటు వేడి వల్ల అని నా గట్టి నమ్మకం. మీ కంప్యూటర్ టేబుల్‌ను ఒకసారి వంగి చూడండి. మన దగ్గర దొరికే టేబుళ్ళలో సీపీయూ పెట్టడానికి కింద ఒక అర ఉంటుంది. ఎడమా కుడీ చెక్క, పైన చెక్క, వెనక గోడ. కేబినెట్ వెనక నుంచి వచ్చే వేడిగాలి గోడకు తగిలి పక్క సందుల్లోంచి మళ్ళీ ముందుకు వస్తుంది, ముందున్న ఫ్యాన్ అదే గాలిని లోపలికి పీలుస్తుంది. మేలో గుంటూరులో రాత్రి పదింటికి కూడా గది వేడెక్కే ఉంటుంది. మీ ప్రాసెసర్ 100 డిగ్రీలకు చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి గంట బాగుండి తర్వాత చెడిపోవడానికి కారణం తరచూ ఇదే అవుతుంది. కేబినెట్‌ను ఆ అరలోంచి బయటికి లాగి, గోడకు జానెడు దూరంలో చిన్న బల్ల మీద పెట్టండి. పక్క తలుపు తీసి ప్రాసెసర్ ఫ్యాన్ కింద ఉన్న అల్యూమినియం రెక్కలు చూడండి. దుమ్ము మెత్తటి పొరలా పరుచుకుని గాలి వెళ్ళే సందులన్నీ మూసి ఉంటుంది. ఫ్యాన్ రెక్కను వేలితో తిరగకుండా పట్టుకుని మెత్తని బ్రష్‌తో దులపండి. కూలర్ తీసి పాత థర్మల్ పేస్టు తుడిచి కొత్తది వేయించండి. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ముందూ తర్వాతా ఉష్ణోగ్రతలు రాసుకోండి. అప్పటికీ 90 పైనే ఉంటే ప్రాసెసర్‌తో వచ్చిన చిన్న కూలర్ మార్చి, నిలువుగా ఉండే మంచి కూలర్ ఒకటి కొనండి. కేబినెట్‌లో పడుతుందో లేదో ఎత్తు కొలిచి మరీ కొనాలి.

డబ్బు పెట్టవలసిన మొదటి వస్తువు ర్యామ్. 8 జీబీలో విండోస్, ఆట, ఓబీఎస్, చాట్ కోసం బ్రౌజర్ నాలుగూ ఇమడవు. ఇమడనిది డిస్కులోకి వెళ్తుంది, అక్కడి నుంచి తిరిగి తెచ్చుకునేటప్పుడు అంతా ఒక క్షణం ఆగుతుంది. మరో 8 జీబీ స్టిక్ వేస్తే మొత్తం 16 అవుతుంది. రెండు స్టిక్‌లు ఉంటే ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి ర్యామ్‌తో మాట్లాడుతుంది, ఆటల్లో ఆ తేడా కంటికి కనిపిస్తుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర ఎన్ని స్లాట్లు వాడారో, వేగం ఎంతో చూపిస్తుంది. మీది డీడీఆర్4, ఈ ప్రాసెసర్‌కు 2666 వేగం చాలు, మామూలు బోర్డుల్లో అంతకంటే ఎక్కువది కొన్నా దాని ఫలితం దక్కదు. ర్యామ్ ధరలు 2025 చివరి నుంచి బాగా పెరిగాయి. కాబట్టి ఒకే కంపెనీ, ఒకే రకం స్టిక్ పాతదైనా వారంటీ మిగిలి ఉంటే తీసుకోవచ్చు. విజయవాడ వెళ్ళే పని ఉంటే అక్కడ కూడా ధర అడిగి చూడండి. జీటీఏ హార్డ్ డిస్కులో ఉంటే ఎస్ఎస్‌డీలోకి మార్చండి.

గొంతు వెనకబడడానికి తరచూ ఒక చిన్న కారణం ఉంటుంది. విండోస్‌లో మైకు 44.1 కిలోహెర్ట్జ్ మీద, ఓబీఎస్‌లో 48 మీద ఉంటే, పోను పోను శబ్దానికీ బొమ్మకూ మధ్య తేడా పెరగవచ్చు. రెండుచోట్లా 48 పెట్టండి. ఫ్యాన్ ఆపుకుని కూర్చునే ఊరు కాదు మనది. మైకు మీద ఓబీఎస్‌లోని నాయిస్ సప్రెషన్ ఫిల్టర్ వేసి ఆర్‌ఎన్‌నాయిస్ ఎంచుకుంటే ఫ్యాన్ హోరు చాలావరకు పోతుంది. తర్వాత ఎప్పుడైనా మైకు కొంటే కండెన్సర్ కాకుండా డైనమిక్ రకం చూడండి. దాన్ని నోటికి దగ్గరగా పెట్టుకుంటే గది చప్పుడు తక్కువగా పడుతుంది. బొమ్మ కాస్త తగ్గినా జనం చూస్తారు, మాట వినిపించకపోతే వెళ్ళిపోతారు.

కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక చిన్న స్విచ్ చూడండి, యూపీఎస్ మోడ్ అని ఉంటుంది. దానివైపు పెడితే మార్పిడి వేగంగా జరిగి కంప్యూటర్ ఆగకపోవచ్చు. కానీ రౌటర్ ప్లగ్ కూడా ఇన్వర్టర్ లైను మీదే ఉండాలి. లేకపోతే కంప్యూటర్ వెలుగుతూనే ఉంటుంది, రౌటర్ ఆరిపోయి మళ్ళీ లేచేదాకా లైవ్ ఉండదు.

రమ్మీ యాప్ వాళ్ళకు ఈ రోజే వద్దని రాయండి. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లపై 2020లోనే నిషేధం వచ్చింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రచారం చేసేవాళ్ళను కూడా శిక్షార్హుల్ని చేసింది. రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా. యాప్ నడిపేవాళ్ళు ఎక్కడుంటారో ఎవరికీ తెలియదు, లైవ్‌లో ముఖం కనిపించేది మీది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మీ లైవ్ చూసేవాళ్ళలో ఇంటర్ పిల్లలు ఉంటారు. వాళ్ళ అమ్మ దాచుకున్న డబ్బు అటు పోవడానికి మీ గొంతు కారణం కాకూడదు. అలాంటి డబ్బుతో కొన్న కార్డు మీ టేబుల్ మీద ఉండకపోవడమే మేలు.

గ్రాఫిక్స్ కార్డు ఎప్పుడు కొనాలంటే, పైవన్నీ చేశాక కూడా జీటీఏలో రెండరింగ్ ల్యాగ్ తగ్గనప్పుడు. అప్పుడు కూడా ముందు ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) చూడాలి. కేబినెట్‌తో పాటు వచ్చే ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లు అని రాసి ఉన్నా దాన్ని నమ్మి పెద్ద కార్డు వేయకండి. 80 ప్లస్ గుర్తు ఉన్న పేరున్న కంపెనీది 550 వాట్లది ముందు వేయించాలి. ఎస్ఎంపీఎస్ మార్చే ఉద్దేశం లేకపోతే ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం ఉంది. దాని వాడకం 70 వాట్లే, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. ఆర్‌టీఎక్స్ 4060 ఇంకా బలమైనది, ఏవీ1 అనే కొత్త కుదింపు పద్ధతి కూడా ఉంది, యూట్యూబ్ దాన్ని తీసుకుంటుంది. అయితే మీ తొమ్మిదో తరం బోర్డులో కార్డును బోర్డుకు కలిపే దారి, అంటే పీసీఐఈ, మూడో తరానిదే కాబట్టి ఆ కార్డు పూర్తి బలం రాదు. ఆ పూర్తి బలం కావాలంటే బోర్డు, ప్రాసెసర్ కూడా మార్చుకోవలసి వస్తుంది, అది 45 వేలలో తేలే పని కాదు. రెండో కంప్యూటర్, క్యాప్చర్ కార్డు ఎవరైనా చెబితే వినకండి, ఎన్‌వెంక్ ఉన్నప్పుడు మీ స్థాయికి వాటి అవసరం లేదు.

ఈ వారం ఒక్కొక్కటిగా సెట్టింగులు మార్చి, కేబినెట్ బయటికి లాగి, కేబుల్ వేసి చూడండి. కేబుల్, పేస్టు కలిపి రెండు వేలు దాటవు. ర్యామ్ వచ్చే నెల. ఒకేసారి రెండు మార్పులు చేయకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. ప్రతి మార్పు తర్వాత అరగంట ఆడి మూడు అంకెలూ రాసుకోండి. ఓబీఎస్‌లో హెల్ప్ మెనూలో లాగ్ ఫైల్స్ అని ఉంటుంది, చివరి లైవ్ వివరాలన్నీ అందులో నమోదై ఉంటాయి. మార్పులకు ముందుది ఒకటి, తర్వాతది ఒకటి పంపండి. నాన్నగారు చీటీ పాడాలా వద్దా అన్నది అవి చూశాక మాట్లాడుకుందాం.